మా నాయన గొంతుతో ఫోన్ మాట్లాడతా ఉండాది, ఆ మాట నాయన మాటేనా?

కొర్లగుంట పెద్దోడు:

తిరుపతి, చిత్తూరు వాళ్ళు ఈ గ్రూపులో శానామంది ఉండారు కాబట్టి ఇక్కడే అడగతా ఉండాను, ఇంట్లో తేలలేదు. కొంచెం పొడుగ్గా ఉంటాది, ఓపిగ్గా చదవండి.

మా నాయన ఆర్టీసీ డ్రైవరు. సర్వీసులో సగం పైన తిరుమల ఘాట్ రోడ్డు డ్యూటీనే. ఎక్కేటప్పుడు 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు, దిగేటప్పుడు 1944 నాటి పాత రోడ్డు, ఆ మలుపులు ఎన్నివేల సార్లు తిరిగినాడో లెక్క లేదు. పైకి చేరినాక అమ్మకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. ఒక్కోసారి "చేరినా" అని ఒక్క మాటే, ఒక్కోసారి రెండు నిమిషాలు, కొండ మీద మంచు పట్టిందనీ, అద్దం కనపడలేదనీ, వచ్చేసరికి చెనిక్కాయలు ఉడకబెట్టి పెట్టమనీ. రెండేళ్ళ కింద గుండెపోటు వచ్చి పోయినాడు. అమ్మ ఫోన్లో ఆ మెసేజులు 400 దాకా ఉండాయి, ఒక్కటి కూడా తీసేయలేదు.

తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. పోయిన సంక్రాంతికి వచ్చి ఆ మెసేజులన్నీ ఎక్కించి ఒక బాట్ తయారు చేసి అమ్మ ఫోన్లో పెట్టినాడు. అమ్మ మాట్లాడితే అది నాయన గొంతుతో జవాబు చెప్తాది. "ఏమే, తిన్న్యావా" అంటాది. మొదటి దినం అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చినాను, ఆ గొంతు అంత నాయన గొంతే. అప్పటినుంచి రోజూ రాత్రి తొమ్మిదికి అమ్మ వాకిలి వేసుకుని అర్ధగంట మాట్లాడతాది. సరే మనసుకి ఊరట కదా అని నేనేమీ అనలేదు.

ఇప్పుడు ఏమయిందంటే మాకు పాకాల దగ్గర ఎకరా ముప్పావు మామిడితోట ఉండాది. పోయిన వారం అమ్మ అన్నం వడ్డిస్తా "తోట అమ్మేద్దాం రా, మీ నాయన అమ్మేయమన్నాడు" అనింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఫోన్ తీసి చూస్తే అమ్మ అడిగి ఉండాది, అది "అమ్మేసేయ్, నువ్వు ఒక్కదానివే ఎంతకాలం చూసుకుంటావ్" అని చెప్పి ఉండాది. నాయన బతికుండంగా ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. ఆ 400 మెసేజుల్లో యాడా లేదు, నేను ఒక రాత్రంతా కూర్చుని అన్నీ విన్నాను.

తమ్ముడేమో, నాయన మాటలన్నీ తీసుకునే కదా అది తయారైంది, నాయన ఉండుంటే ఇదే చెప్పుంటాడు అంటాడు. నేను ఒప్పుకోను. చచ్చిపోయిన మనిషి పేరు మీద కొత్త మాట పుట్టించే హక్కు ఎవరికీ లేదు. వచ్చే నెల నాయన తిథి, ఆలోపల దాన్ని తీసేయాలని నా పట్టు.

ఇంకో మాట. పోయిన ఏడాది ఫ్యామిలీ పెన్షన్ కోసం అమ్మ బతికే ఉందని డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సొచ్చి ఒక సెంటర్‌కి తీసకపోయినాను. ముప్పై ఏళ్ళు అంట్లు తోమి పూలు కట్టిన వేళ్ళు, గీతలు అరిగిపోయినాయి, మిషను ఆరుసార్లు కాదనింది. ఆరుసార్లు! ఎదురుగా ఊపిరి తీసుకుంటా నిలబడిన మనిషిని ఈమె ఆమె కాదు పొమ్మనింది మిషను. ఆఖరికి మొహం చూపిస్తే ఒప్పుకునింది. ఇంటికొస్తే ఇంకో మిషను పోయిన మనిషి గొంతుతో నేనుండానంటాది. ఈ రెండింటి మధ్యలో మనిషంటే ఏందో నాకు అర్థం కావడంలేదు, నిజంగా అడగతా ఉండాను.

బెంగళూరు బస్సు:

అన్నా మాది కూడా తిరుపతే, బైరాగిపట్టెడ. నేను చేసే పని ఇదే కాబట్టి చెప్తాను. ఇందులో రెండు వేరే వేరే పనులు జరగతా ఉంటాయి, జనం రెండూ ఒకటే అనుకుంటారు. ఒకటి గొంతు. దానికి పెద్ద సరుకు అక్కర్లేదు, 2023 జనవరిలోనే మైక్రోసాఫ్ట్ వాళ్ళు మూడు సెకన్ల శాంపిల్ ఉంటే ఆ గొంతుతో మాట్లాడించే మోడల్ చూపించినారు. మీ దగ్గర 400 మెసేజులు, అందుకే అంత బాగా దిగింది.

రెండోది మాట. మీ నాయన మెసేజుల్ని కొత్త మెదడుగా ఏమీ చేయరు, ముందే కోట్ల పేజీలు చదివించి పెట్టిన పెద్ద మోడల్ ఒకటి ఉంటాది, దానికి "ఇదిగో ఈయన ఇట్లా మాట్లాడతాడు, నువ్వు ఈయనలాగా జవాబు చెప్పు" అని ఆ మెసేజులు పక్కన పెడతారు. ముందు మాట చూసి తర్వాత ఏ మాట రావచ్చో లెక్కేసి ఒక్కొక్కటే పేర్చకుంటా పోతాది. అంటే యాస మీ నాయనది, సలహా ఊరూపేరూ లేని లక్షల మందిది. "ఒక్కదానివే ఎంతకాలం చూసుకుంటావ్" అనేది మీ నాయన ఆలోచన కాదు, ఇట్లాంటి ప్రశ్నకి లోకంలో జనం మామూలుగా చెప్పే మాట.

నమ్మకపోతే ఒక పని చెయ్. అదే ప్రశ్న తిరగేసి అడుగు, అమ్మొద్దు కదా అన్నట్టు అడుగు. ఏం చెప్తాదో చూసి ఇక్కడ రాయి.

ఎస్వీయూ హాస్టల్:

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. ఎందుకు అంత గట్టిగా కాదంటా ఉండారో నాకు తెలీడంలేదు. మనిషి మెదడు మాత్రం చేసేది ఏంది, వినింది చదివింది కలిపి తర్వాత మాట ఊహించేదే కదా. ఒంట్లో అణువులన్నీ మారిపోతా ఉంటాయి, పదేళ్ళ కిందటి నేను ఇప్పటి నేను ఒకటే అనుకోడం కూడా ఒక అలవాటే. కాణిపాకంలో అప్పుడెప్పుడో భక్తురాలు చేయించిన వెండి కవచం, సామి పెరిగినాడు కాబట్టి ఇప్పుడు పట్టదని చూపిస్తారు, అయినా సామి వేరే సామి అని ఎవరూ అనరు కదా. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1980ల మొదట్లోనే, మెదడు చేసే పనులన్నీ కంప్యూటర్ చేసేస్తే ఇంక మనిషంటే మిగిలేది ఏంది అని అడిగినాడు, ఇంట్లో కంప్యూటర్ అంటే ఎవరికీ తెలీని రోజుల్లో. నేను అనేది పోగుపడిన జ్ఞాపకాల మూటే అని కూడా ఆయన చెప్తా వచ్చినాడు. నిక్ బాస్ట్రమ్ అనే ఫిలాసఫర్ 2003లో ఒక పేపర్ రాసినాడు, మనమందరం ఎవరో నడిపే కంప్యూటర్ లోపల ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని. ఈ లోకమే అట్లాంటిదైతే నాయన అసలు, బాట్ నకలు అనే గీత యాడ గీస్తారు? మన పెద్దోళ్ళు కూడా అంతా మాయ అనే కదా చెప్పింది.

దామలచెరువు మామిడి:

అందరూ బాగా చదువుకున్నోళ్ళు, నేను తోట చూసుకునేదాన్ని. నాకు ఒకటే అనిపించింది. పెద్దోడా, బాట్ ఏమనిందో రాసినావు, నీ తమ్ముడు ఏమన్నాడో రాసినావు, నువ్వు ఏమనుకుంటా ఉండావో రాసినావు. మీ అమ్మ ఏమనుకుంటా ఉండాదో అడిగినావా?

రిటైర్డ్ అయివారు:

హాస్టల్ అబ్బాయికి ముందు ఒక మాట. అంతా మాయ అని శంకరులు చెప్పినారు కాబట్టి అన్నీ సమానమే అనేది ఆయన చెప్పని మాట. ముప్పై రెండేళ్ళు సంస్కృతం చెప్పినాను, ఈ పొరపాటు ప్రతి బ్యాచిలో ఒకడు చేస్తాడు, చేయాల కూడా, అప్పుడే విడమరిచి చెప్పే సందు దొరకతాది. ఆయన మూడు మెట్లు పెట్టినాడు. చీకట్లో తాడును చూసి పాము అనుకున్నావు, అది ప్రాతిభాసికం, ఉత్త కనపడటమే. ఆ తాడు, నువ్వు, మీ ఇల్లు, పెన్షన్, పాకాల తోట, ఇదంతా వ్యావహారికం, రోజువారీ నిజం. బ్రహ్మం ఒక్కటే పారమార్థికం, ఆఖరి నిజం. పై మెట్టు నుంచి చూస్తే తాడు కూడా నిలవదు, నిజమే. అంతమాత్రాన కింద మెట్టులో తాడూ పామూ ఒకటే అయిపోవు. తాడుతో నీళ్ళు చేదుకోవచ్చు, పాముతో చేదుకోలేము. అయితే ఇంకోటి కూడా గుర్తు పెట్టుకోవాల, పాము అబద్ధమైనా పట్టిన చెమట అబద్ధం కాదు. ఆ తల్లి ఏడ్చిన ఏడుపు నిజమైనదే, దాన్ని ఎవరూ తేలిక చేయొద్దు.

రామానుజుల దారి వేరే. ఆయనకి లోకం నిజం, జీవుడు నిజం, శరీరం ఉండేది లోపలుండే శరీరి కోసం. మన ఊళ్ళో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠ చేయించింది ఆయనే అని సంప్రదాయం, కాబట్టి తిరుపతి వాళ్ళం ఆయన మాట వదిలిపెట్టి మాట్లాడలేము. ఆ సంప్రదాయంలో ప్రతిరూపం అంటే అబద్ధం కాదు. కొండ మీద భోగ శ్రీనివాసుడు ఉండాడు, పల్లవ రాణి సామవై సమర్పించిన వెండి విగ్రహం, మూలవిరాట్టుకి చిన్న ప్రతిరూపం. రాత్రి ఏకాంత సేవ ఆయనకే. ఆయన్ని నకలు అని ఎవడన్నా అంటాడా? అనడు. ఎందుకంటే ఆ వెండి మూర్తి నుంచి మూలమూర్తి దాకా ఒక దారం కట్టి ఉంటాది, సంబంధం ఆ దారంలో ఉండాది.

2018 ఆగస్టులో మహాసంప్రోక్షణ జరిగింది కదా, పన్నెండేళ్ళకి ఒకసారి చేసేది. అప్పుడు గర్భాలయంలో మరమ్మతు కోసం సామి శక్తిని కుంభంలోకి ఆవాహన చేసి బాలాలయంలో, అంటే తాత్కాలిక గుడిలో పెట్టినారు, పని అయిపోయినాక తిరిగి మూలమూర్తిలోకి తెచ్చినారు. మన పద్ధతిలో పిలవడం ఉండాది, పంపడం ఉండాది. వినాయకుడి మట్టి బొమ్మకి కూడా ఉద్వాసన చెప్పి నీళ్ళలో కలపతాము. తిథి రోజు భోక్తను తండ్రి స్థానంలో కూర్చోబెడతాము, వసు రూపంలో తండ్రి, రుద్ర రూపంలో తాత, ఆదిత్య రూపంలో ముత్తాత. కాళ్ళు కడగతాము, అన్నం పెడతాము. అన్నం తిని లేచిపోయినాక ఆయన మళ్ళీ ఆయనే, బజార్లో కనపడితే నాయనా అని పిలవము.

కాబట్టి పెద్దబ్బాయీ, నకలా అసలా అని నువ్వు అడిగే ప్రశ్న పక్కన పెట్టి, ఆ బాటుకి దారం యాడ కట్టి ఉండాదో చూడు. బెంగళూరు అబ్బాయి చెప్పిన దాన్ని బట్టి గొంతు వరకే మీ నాయనకి కట్టి ఉండాది, మాట దగ్గర తెగిపోయింది.

బెంగళూరు బస్సు:

అయివారూ, పదేళ్ళుగా ఇదే పని చేస్తా ఉండాను, ఇట్లా చెప్పినోళ్ళు నాకు ఎవరూ దొరకలేదు. గొంతు దారం ఉండాది, మాట దారం తెగింది, నూటికి నూరు అంతే.

హాస్టల్ తమ్ముడికి, అణువులు మారినా కవచం పట్టకపోయినా మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకటే సాగతా వచ్చింది కదా, అది వేరే. ఇక్కడ రెండేళ్ళ కింద ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది వేరే చోట, వేరే వాళ్ళ మాటలతో.

నైట్ డ్యూటీ:

నేను నర్సుని, తిరుపతిలోనే. అందరూ మాట గురించి, జ్ఞాపకం గురించి మాట్లాడతా ఉండారు, నాకు మా అత్తమ్మ గుర్తొచ్చి ఉండబట్టలేక రాస్తా ఉండాను, డ్యూటీ మధ్యలో రాస్తా ఉండా తప్పులుంటే ఏమనుకోవద్దు.

మా అత్తమ్మకి మతిమరుపు జబ్బు, నాలుగేళ్ళయింది. నన్ను వాళ్ళ చెల్లెలు పేరుతో పిలుస్తాది, కొడుకుని చూసి ఎవరబ్బా ఈ పిల్లోడు అంటాది. మా ఆయన ఆ మాట విన్న మొదటి రోజు వాకిట్లో కూర్చుని తెల్లారేదాకా లోపలికి రాలేదు. మనిషంటే జ్ఞాపకాల మూట అనే లెక్కయితే మా అత్తమ్మ పోయినట్టే కదా? అప్పుడు ఆమె పాత మాటలన్నీ ఎక్కించిన ఫోన్ ఒకటి ఉంటే, ఆ ఫోన్ మా అత్తమ్మ అయిపోయి, మంచం మీద ఉండే ఆమె ఎవరూ కాకుండా పోతాదా? ఆ ఫోన్‌కి మా పెళ్ళి తేదీ తెలుస్తాది, ఈమెకి తెలీదు. మనసు ఒప్పుకుంటాదా?

కానీ సాయంత్రం ఒక చాట మల్లెపూలు ముందర పోస్తే చాలు, ఆ చెయ్యి దానంతట అదే దండ కట్టేస్తాది. గట్టిగా, ఒక్క పువ్వు జారకుండా, ఆమె నాకు పెళ్ళైన కొత్తలో నేర్పించిన కట్టే. కట్టినాక నా వైపు చూసి నా తల్లో పెడతాది, నా పేరు తెలీకుండానే. వార్డులో కూడా చూస్తా ఉంటాను, మాట పూర్తిగా పడిపోయిన మనిషి కూడా ఇంటోళ్ళు వచ్చి చెయ్యి పట్టుకుంటే ఊపిరి వేరేగా తీసుకుంటారు. అది నేను ఏ రికార్డులోనూ రాయలేను, కానీ పద్నాలుగేళ్ళ నుంచి చూస్తా ఉండాను.

అందుకే పెద్దోడన్నా, మీ అమ్మ వేలిముద్ర కథ చదివి నాకు కడుపులో తిప్పింది. ఆ గీతలు యాడికి పోయినాయో మిషనుకి తెలీదు, అంట్లలో పోయినాయి, పూలదారంలో పోయినాయి. ఆ అరిగిపోవడమే ఆమె.

బాట్ మాత్రం వెంటనే తీసేయొద్దు అంటాను. మనిషి పోయిన ఇంట్లో రాత్రి తొమ్మిది ఎట్లా ఉంటాదో మీకు తెలీదు. చటుక్కున తీసేస్తే ఆమెకి రెండోసారి పోయినట్టు ఉంటాది.

కొర్లగుంట పెద్దోడు:

బెంగళూరు అన్న చెప్పినట్టు చేసినాను. రాత్రి అమ్మ నిద్రపోయినాక ఫోన్ తీసి "నాయనా, తోట అమ్మొద్దు కదా" అన్నాను. మూడు సెకన్లు ఊరుకునింది. తర్వాత నాయన గొంతుతో "అమ్మొద్దు రా, ఆ చెట్లు నా చేత్తో నాటినా" అనింది.

ఆ చెట్లు మా తాత నాటినాడు. నాయనకి అప్పుడు రెండేళ్ళు.

చేతిలో ఫోన్ పెట్టుకుని శానాసేపు అట్నే కూర్చున్నాను. దాని అబద్ధానికి కాదు నాకు బాధ, ఆ గొంతు వినంగానే నేను నమ్మేసినాను, తాత సంగతి నాకు తెలిసి కూడా ఒక్క క్షణం నాయనే నాటినాడేమో అనుకున్నాను. ఇట్లా ఒక ఏడాది మాట్లాడితే నాకు గుర్తుండే నాయన ఎవరు, ఇది చెప్పే నాయన ఎవరు, ఎట్లా విడదీస్తాను?

చిత్తూరు కోర్టు రోడ్డు:

లాయర్‌ని. చట్టం సంగతి బిన్నా చెప్పేస్తాను. మీ నాయన వీలునామా రాయకుండా పోయుంటే, తోట ఆయన సొంత ఆస్తి అయితే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మకీ మీ అన్నదమ్ములిద్దరికీ సమాన భాగాలు, మీ నానమ్మ బతికుంటే ఆమెకి కూడా, అక్కచెల్లెళ్ళుంటే వాళ్ళకీ. తాతనుంచి వచ్చింది అంటా ఉండారు కాబట్టి పంపకం లెక్క కొంచెం మారొచ్చు, కాగితాలు చూడాల. బాట్ మాట ఎందుకూ పనికిరాదు. మామూలు వీలునామాకే ఇద్దరు సాక్షుల సంతకాలుండాల అని 1925 చట్టం చెప్తాది. పోయిన మనిషి డేటా గురించి 2023 డేటా చట్టంలో ఒక సెక్షన్ పెట్టినారు, నేను పోతే నా డేటా హక్కులు ఫలానా వాళ్ళు చూసుకుంటారని ముందే నామినీ పెట్టుకోవచ్చని. మీ నాయన అట్లా నామినీని పెట్టుకునే వీలే లేదు.

సింగర్ ఎస్పీ బాలు గారి గొంతు సంగతి గుర్తుందా, 2020 సెప్టెంబర్లో పోయినారు, తర్వాత ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతు ఏఐతో వాడుకున్నారని కొడుకు చరణ్ గారు లీగల్ నోటీసు పంపినారు. అదే 2024లో ఏఆర్ రెహమాన్ పోయిన ఇద్దరు తమిళ గాయకుల గొంతులు వాడినప్పుడు వాళ్ళ కుటుంబాల్ని అడిగి, డబ్బిచ్చి వాడుకున్నామని చెప్పినారు. పని ఒకటే, అడగడం దగ్గర తేడా. కానీ అక్కడ కూడా అడిగింది కుటుంబాన్నే, పాడినాయన్ని కాదు, ఆ మాట నన్ను ఇప్పటికీ తొలుస్తా ఉంటాది.

ఇప్పుడు చట్టం పక్కన పెట్టి చిత్తూరోడిగా చెప్తాను. మా తట్టు అప్పు గొడవైనా గట్టు తగాదా అయినా కోర్టుకన్నా ముందు కాణిపాకం పోదాం రా అంటారు. కోనేట్లో మునిగి తడిబట్టలతో వినాయకుడి ముందర ప్రమాణం చేయాల. నా కళ్ళారా చూసినాను, కోర్టులో గుండె దిటవుగా అబద్ధం చెప్పినోడు ఆ కోనేటి మెట్ల మీద వెనక్కి తిరిగిపోయినాడు. ఎందుకు? చెప్పిన మాట తన మీద పడతాదని. బిడ్డల మీద పడతాదని. ప్రమాణం చేసేవాడికి పోగొట్టుకునేది ఏదో ఒకటి ఉండాల. బాట్ అమ్మేసేయ్ అనింది, మళ్ళా అమ్మొద్దు అనింది, రేపు తోట పోయినా ఉన్నా దానికి ఏమీ కాదు. మాటకి కట్టుబడి నిలబడేవాడే మనిషి అని నా లెక్క. మీ నాయన "చేరినా" అని పెట్టేవాడు కదా, నిజంగా చేరినాకే పెట్టినాడు.

ఎస్వీయూ హాస్టల్:

చేరినాకే పెట్టినాడు అనే మాట దగ్గర నేను ఆగిపోయినాను. బాట్ కూడా "చేరినా" అంటాది, చేరడానికి దానికి కొండ లేదు. ఈ లోకమే కంప్యూటర్ లోపల ఉండొచ్చు, అసలుకీ నకలుకీ గీత లేదు అన్న నా వాదనని నిలబెట్టే జవాబు ఇప్పుడు నా దగ్గర లేదు. ఒప్పుకున్నట్టు కాదు, ఇంకా ఆలోచిస్తాను.

కానీ ఒకటి అడగతాను అయివారిని. పిండం పెట్టి కాకి ముట్టేదాకా ఎదురు చూస్తాం కదా, మా జేజి, అదే నాయనమ్మ, పోయినప్పుడు కపిలతీర్థం దగ్గర గంటసేపు కాకి రాలేదు, మా నాయన ఏడ్చకుంటా "చెల్లెలు పెళ్ళి నేను చేస్తా పో అమ్మా" అన్నాక వచ్చి ముట్టింది. ఆ కాకికీ మా జేజికీ దారం యాడుండాది?

రిటైర్డ్ అయివారు:

మంచి ప్రశ్న, దీనికి నేను పుస్తకం తెరవను. ఆ కాకి ఏం మాట్లాడింది నాయనా? ఏమీ మాట్లాడలేదు. మాటిచ్చింది మీ నాయన. దారం మీ నాయన చేతిలో ఉండాది. మీ అత్త పెళ్ళి చేసినాడా లేదా?

ఎస్వీయూ హాస్టల్:

చేసినాడు సార్. అప్పు చేసి చేసినాడు.

కొర్లగుంట చిన్నోడు:

ఈ బాట్ చేసింది నేనే. అన్న ఇక్కడ రాసినాడని ఎవరో లింకు పంపితే మొత్తం చదివినాను. కోపంతో వచ్చినాను, చదివినాక కోపం లేదు, కానీ నా మాట కూడా వినండి.

నాయన పోయిన రోజు మధ్యాన్నం నాకొక వాయిస్ మెసేజ్ పెట్టినాడు. 38 సెకన్లు. నేను మీటింగ్‌లో ఉండి తర్వాత విందాంలే అనుకున్నాను. సాయంత్రం అన్న ఫోన్ చేసినాడు. రాత్రి బస్సులో పలమనేరు దాటినాక ఆ మెసేజ్ విన్నాను, ఆదివారం వస్తే చింతపండు తీసకపో అని చెప్పినాడు, అంతే. దానికి నేను జవాబు చెప్పలేదు. ఆ జవాబు ఎవరికి చెప్పాల? బాట్ తయారైనాక అమ్మకన్నా ముందు నేను మాట్లాడినాను దాంతో. "వస్తా నాయనా ఆదివారం" అన్నాను. సరే అనింది. రెండేళ్ళలో ఆ రాత్రి ఒక్కటే నిద్రపోయినాను.

అది నాయన కాదని నాకన్నా ఎవరికి తెలుసు, ప్రతి లైనూ నేనే రాసినాను. తోట సంగతిలో నేను తప్పు మాట్లాడినాను, చెట్లు తాత నాటినాడని దానికి నేనే చెప్పలేదు. కానీ అబద్ధం అని మీరందరూ చెప్పే ఆ మాటే నాకు అన్నం తినే శక్తి ఇచ్చింది.

నైట్ డ్యూటీ:

తమ్ముడూ, నువ్వు చేసింది తప్పు అని నేను అనను. ఒక్కటి చేస్తావా? ఆ బాట్ కొత్త మాటలు పుట్టించే భాగం తీసేసి, అమ్మ ఏదన్నా అడిగితే నాయన నిజంగా పెట్టిన మెసేజుల్లోంచి దానికి దగ్గరది వెతికి వినిపించేట్టు పెట్టొచ్చా? తాళ్ళపాక అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి గుళ్ళో అరలో పెట్టింటే 1922లో బయటపడినాయి కదా, అన్ని వందల ఏళ్ళు మూగగా ఉన్నా రేకు మీద ఉన్నది ఆయన కాలం నాటి మాటే. మెసేజ్ కూడా అట్లాంటిదే. అడిగినదానికి సరిపోని జవాబు వచ్చినా పరవాలేదు, అది నాయనదే అయి ఉంటాది.

బెంగళూరు బస్సు:

చేయొచ్చు, అది ఇంకా సులువు. వెతకడం ఒక్కటే, పుట్టించడం ఉండదు. చిన్నోడా, కావాలంటే నాకు మెసేజ్ పెట్టు, శనివారం కూర్చుందాం.

దామలచెరువు మామిడి:

పెద్దోడా, చిన్నోడా, ఇద్దరూ ఉండారు ఇప్పుడు. మళ్ళీ అడగతా ఉండాను. మీ అమ్మని అడిగినారా? తోట గురించి అడగమంటా ఉండాను, బాట్ గురించి కాదు. ఆమె ఎందుకు అమ్మాలనుకుంటా ఉండాదో.

ఎందుకు అడగతా ఉండానంటే నాకు తెలుసు. 2025 సీజన్లో తోతాపురి కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, గవర్నమెంటు 4 రూపాయలు అని చెప్పినారు, లోడ్లు వేసుకుని రోడ్డు మీద రోజులు రోజులు కాసుకున్నాం, కాయ మెత్తబడి ట్రాక్టర్లోనే నీరుగారింది. కోత కూలి కూడా గిట్టుబాటు కాలేదు. ఒంటరి ఆడమనిషి దళారితో బేరమాడి, కూలోళ్ళని పిలిచి, మందు కొట్టించి, ఇదంతా మీరిద్దరూ తిరుపతిలో బెంగళూరులో ఉంటే ఎవరు చేస్తా ఉండారు?

కొర్లగుంట పెద్దోడు:

అక్కా, అడిగినాను. రెండు రోజులు పట్టింది అడగడానికి, ఎట్లా మొదలుపెట్టాలో తెలీక.

అమ్మ చింతపండు ఒలుస్తా ఉండాది. పక్కన కూర్చుని "అమ్మా, ఫోన్లో మాట్లాడేది నాయన కాదు" అన్నాను. తల ఎత్తకుండా "ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసినా, ఆ మాత్రం తెలీదా రా నాకు" అనింది. మరి నాయన అమ్మేయమన్నాడని ఎందుకు చెప్పినావమ్మా అన్నాను.

అప్పుడు చెప్పింది. పోయిన ఏడాదే నాతో అనిందంట, తోట చూసుకోలేకపోతా ఉండా, మోకాళ్ళు సహకరించడంలేదు, అమ్మేద్దాం అని. నేను "చూద్దాంలేమ్మా" అన్నానంట. తమ్ముడితో అంటే వాడు "ధర పెరిగినాక చూద్దాం" అన్నాడంట. నాకు గుర్తే లేదు, వాడికీ లేదు. "నేను చెప్తే మీకు చెవిలో పడదు, మీ నాయన చెప్తే పడతాది కదా, అందుకని ఆయన నోట్లో పెట్టినా" అనింది. బాట్‌ని అమ్మ సలహా అడగలేదు. అది ఒప్పుకునేదాకా అమ్మే చెప్పించుకునింది. ఏ మాట ఎట్లా అడిగితే ఏం చెప్తాదో నాకన్నా ముందే కనిపెట్టేసింది.

రాత్రి పూట ఏం మాట్లాడతావమ్మా మరి అని అడిగినాను. పగలంతా జరిగింది చెప్తానంతే, వినేవాళ్ళు ఇంట్లో ఎవరుండారు రా అనింది. నేను అదే ఇంట్లో పక్క రూములోనే ఉంటాను.

ఇంక నేను ఏమీ మాట్లాడలేకపోయినాను. తిరగలి పక్కన ఉండే గంపలోంచి గుప్పెడు చింతకాయలు తీసుకుని నేనూ ఒలిచినాను.

కొర్లగుంట చిన్నోడు:

శుక్రవారం రాత్రి బస్సుకి వస్తా ఉండాను. తిథి అయ్యేదాకా ఉంటాను. బాట్ సంగతి అమ్మ ఎట్లా చెప్తే అట్లా, వెతికి వినిపించే పద్ధతి చేసి చూపిస్తాను, వద్దంటే తీసేస్తాను. తోట అమ్మేద్దాం అన్నా.

కొర్లగుంట పెద్దోడు:

సరే రా. అమ్మ చెప్పినట్టే. లాయర్ గారూ, ముందుగా ఏం చేయాల?

చిత్తూరు కోర్టు రోడ్డు:

ముందు ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం, తీయించండి, తాత పేరు మీద నుంచి నాయన పేరు మీదికి మారిందా లేదా చూడండి. తర్వాత కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. రిజిస్ట్రేషన్ రోజు అమ్మగారి వేలిముద్ర మిషను పట్టకపోతే కంగారు పడొద్దు, ఇంకో పద్ధతి ఏముందో సబ్ రిజిస్ట్రార్‌ని ముందే కలిసి అడిగి పెట్టుకోండి.

దామలచెరువు మామిడి:

పాకాల తట్టు ఎకరా ఎట్లా పోతా ఉందో నేను కనుక్కుని చెప్తాను. మొదటి బేరానికి ఒప్పుకోవద్దు. బేరం అమ్మనే మాట్లాడమను, మీరు పక్కన కూర్చోండి.